రెండు సున్నాల హంతకుడు

సర్దారుని చంపింది రెండు సున్నాలని గని యాజమాన్యం తేల్చేసింది. తేల్చి, టైపు కొట్టించి, అడుగున సంతకానికి చోటు కూడా వదిలింది. సున్నాలకి చేతులుండవు కనక వాటి తరఫున ఆ సంతకం సున్నాలబ్బాయి పెట్టాలి. గడువు సాయంత్రం నాలుగు గంటలు.

నత్త సెక్యూరిటీ ఆఫీసు మెట్లెక్కేసరికి ఒంటిగంటన్నర అయింది.

నత్త అంటే డిటెక్టివ్. కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గాని అది ఆయనకే గుర్తుందో లేదో. ఆయన నడక అంత నిదానం. ఒకసారి ఓ దొంగ వెంట పడితే, వాడు పారిపోయి, వేరే ఊళ్ళో కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్ళని బడిలో వేసి, ఇంకా ఈయన రాకపోయేసరికి విసుగెత్తి, తనే ఎదురొచ్చి చేతులు చాచాడని చెప్పుకుంటారు. నత్త ఆ మాట కాదనడు. పిల్లలు ముగ్గురని మాత్రం సరిదిద్దుతాడు.

లోపల బల్ల వెనక మీసాలున్నాయి. వాటి వెనక సెక్యూరిటీ అధికారి ఉన్నాడు. ఆ మీసాలు ఎంత పెద్దవంటే, ఆయన గదిలోకి రాకముందే అవి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటాయని గనిలో అందరూ అనుకుంటారు. అందుకే ఆయన్ని మీసాలు అనే పిలుస్తారు, చాటుగా.

"నాలుక్కి పోలీసు జీపొస్తుంది," అన్నాడు మీసాలు. "సంతకం పెడితే అజాగ్రత్త కింద ఏడేళ్ళు. పెట్టకపోతే కావాలనే చేశాడంటాం. అప్పుడు ఏడుతో పోదు."

"ఆలోగా నేనొకసారి అతన్ని పలకరించొచ్చా?"

"దానికేం భాగ్యం. నీ నడకకి ఆ గది తలుపు చేరేసరికే నాలుగవుతుంది."

"తమరు దారికడ్డం లేకపోతే తొందరగానే చేరతాను లెండి. ఒక్క సందేహం. రెండు సున్నాలు చంపాయంటే యాజమాన్యానికి ఇంత సంబరం దేనికి?"

మీసాలు నవ్వాడు. "ప్రపంచమంతా భయపడుతున్న పురుగు కరిచిందంటే అందరూ మమ్మల్ని చూసి జాలిపడతారు. మనిషి చేశాడంటే, ఆ మనిషిని పన్లో పెట్టుకున్నదెవరని అడుగుతారు. ఇంతకీ నిన్ను పంపిందెవరు?"

"వాళ్ళమ్మ."

"ఆ ముసలావిడా? పాపం. నీకు ఏమిస్తానంది?"

"ఇంకా అడగలేదు," అని నత్త పక్క గదివైపు బయల్దేరాడు.

ఆ ఏడాది చివర్లో ఎక్కడ చూసినా ఇదే గోల. కంప్యూటర్లు ఏడాదిని రెండంకెల్లో రాసుకుంటాయట. తొంభైతొమ్మిది తరవాత రెండు సున్నాలు రాగానే అది రెండువేలో పంతొమ్మిది వందలో తెలియక వాటికి మతి చలిస్తుందట. ఆ తప్పుకే పురుగని పేరు. బ్యాంకులో మతి చలిస్తే లెక్కలు తప్పుతాయి. బొగ్గు గనిలో మతి చలిస్తే పెద్ద ఫ్యాను ఆగుతుంది. ఫ్యాను ఆగితే గాలి ఆగుతుంది, గాలి ఆగితే గ్యాసు కమ్ముతుంది, తరవాత మనిషి ఆగుతాడు. అందుకని ఎనిమిది నెలలుగా ఒక ఇంజనీరు ఆ కంప్యూటర్ల ముందు కూర్చుని, రెండంకెలున్న ప్రతిచోటా నాలుగంకెలు చేసుకుంటూ వచ్చాడు. అతనే సున్నాలబ్బాయి. పేరుకి అబ్బాయే గాని ముప్ఫయ్యోపడిలో పడ్డవాడు.

మొన్న ఆదివారం రిహార్సలు. గని ఖాళీ చేయించి, కంప్యూటరు గడియారాన్ని ఏడాది ఆఖరి రాత్రికి జరిపి, రెండు సున్నాలు వస్తే ఏమవుతుందో చూశారు. లోపల మనుషులు సున్నా అని తెర మీద పడింది. ఫ్యాను ఆపి, కొత్త తేదీతో మళ్ళీ వేశారు. మధ్యలో గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో లోపల ఒకడున్నాడు. సర్దారు. రోజూ అందరికంటే ముందు దిగి, ప్రతి గ్యాలరీలో, అంటే బొగ్గు తవ్వే ప్రతి సొరంగంలో, గ్యాసు ఉందో లేదో చూసి రావడం అతని ఉద్యోగం. సున్నాలబ్బాయికి సొంత అక్క మొగుడు.

సున్నాలబ్బాయి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నత్త కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు కంప్యూటరంటే టైపుమిషనుకి టీవీ తగిలించిన వస్తువని తప్ప ఇంకేం తెలీదు నాయనా. నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పు."

"దిగేవాళ్ళ నంబరు లాంపు గదిలో కొడతారు. పైకొచ్చాక మళ్ళీ కొడతారు. ఆ రెండూ చూసి లోపల ఎంతమందో నా ప్రోగ్రాము చెబుతుంది. బావ తొంభైతొమ్మిదిలో దిగాడు. కాసేపటికి రెండు సున్నాలొచ్చాయి. కంప్యూటరు అది పంతొమ్మిది వందలనుకుంది. తొంభైతొమ్మిదిలో దిగబోయేవాడు అప్పటికింకా దిగలేదు కదా. అందుకని లోపల ఎవరూ లేరంది. తప్పు నాది." అంతా ఒక్క గుక్కలో, ఒక్క చోట కూడా తడుముకోకుండా చెప్పాడు.

"బాగా చెప్పావు. ఎన్నిసార్లు వల్లెవేశావు?"

సున్నాలబ్బాయి మళ్ళీ గోడవైపు తిరిగాడు.

"మేనేజరుగారి గదిలో గోడకి అద్దం కట్టించిన సర్టిఫికెట్టు చూశాను. రెండు వారాల కిందట బయటి నిపుణులొచ్చి ఇదే రిహార్సలు చేశారట. నీ ప్రోగ్రాము పాసయిందట. అప్పుడు ఒప్పయింది ఇప్పుడు తప్పెలా అయింది?"

"మధ్యలో ఒక మార్పు చేశాను."

"ఎందుకు?"

"ఇంకా బాగుంటుందని."

"బాగున్నదాన్ని బాగుచేసి పాడుచేశావన్నమాట." నత్త జేబురుమాలు తీసి తీరిగ్గా ముక్కు తుడుచుకున్నాడు. "నేను తప్పు చేసి ఒప్పని బుకాయించేవాళ్ళని బండెడు మందిని చూశాను. ఒప్పు చేసి తప్పని బతిమాలేవాణ్ణి నిన్నే చూస్తున్నా. ఆదివారం కంప్యూటరు గదిలోంచి బయటికెళ్ళావా?"

"లేదు. రిహార్సలు చూడ్డానికొచ్చిన కమిటీవాళ్ళిద్దరూ నా పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా కదల్లేదు."

"అయితే చెయ్యి నీది కాదు. తప్పు మాత్రం నీదంటావు."

"నన్ను సంతకం పెట్టనివ్వండి. మా అమ్మ మిమ్మల్ని అనవసరంగా తిప్పుతోంది." గోడనే చూస్తూ అడిగాడు, "అమ్మ అన్నం తింటోందా?"

"తింటోంది. మీ నాన్నగారి కుర్చీ బాగుచేయించిందట. పక్కింటివాళ్ళ కుక్క ఈనిందట." ఇలాంటివి మరో నాలుగు చెప్పి, వీలైనంత చోటు వదిలి, నత్త ఎదురుచూశాడు. సున్నాలబ్బాయి ఇంకేమీ అడగలేదు. మొగుడు పోయి నాలుగు రోజులైన అక్క అదే ఇంట్లో ఉంది. ఆవిడ ఎలా ఉందని అడగలేదు.

నత్త లేచాడు.

*

లాంపు గది గని నోటికి పక్కనే ఉంది. గోడ పొడుగునా చెక్క గూళ్ళు, ఒక్కో గూటికి ఒక నంబరు, నంబరు పక్కన ఒక మేకు. మనిషి దిగేటప్పుడు తన ఇత్తడి బిళ్ళ కిటికీలో ఇస్తాడు, తన నంబరు లాంపు తీసుకుని నెత్తిన తగిలించుకుంటాడు. బిళ్ళ మేకుకి వేలాడుతుంది. పైకొచ్చాక లాంపు గూట్లో పెట్టి చార్జింగుకి తగిలిస్తారు, బిళ్ళ తిరిగి ఇచ్చేస్తారు. గూట్లో లాంపుంటే మనిషి పైన ఉన్నట్టు. మేకుకి బిళ్ళుంటే మనిషి కింద ఉన్నట్టు. కంప్యూటరు రాకముందు నలభై ఏళ్ళుగా గని ఇలాగే నడిచింది.

పైమేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గని నోటి దగ్గర బోనులో, అంటే ఇనప లిఫ్టులో, మనుషుల్ని దించడం, ఎక్కించడం, గేట్లు వెయ్యడం అతని పని. నాలుగు రోజుల్లో మొహం పీక్కుపోయింది.

"సర్దారు బోనులో పైకి రాలేదని నీకు తెలుసు కదా," అన్నాడు నత్త.

"అతనెప్పుడూ బోనెక్కడు సార్. ఆ చివర నడక దారిలోంచే వస్తాడు. తెర మీద సున్నా పడింది. వచ్చేశాడనుకున్నా. నడక దారి గేటుకి తాళం వేశా."

"ఒక్క తెర చూసే వేశావా?"

"తెర చూసే."

"ఎన్నేళ్ళ సర్వీసు?"

"ఇరవై రెండు."

"తెరొచ్చి మూడేళ్ళు. అంతకు ముందంతా ఈ గూళ్ళు చూసే తాళం వేశావు. ఆదివారం ఒక్కరోజు చూడ్డానికి బద్ధకించావా?"

పైమేస్త్రీ నేల చూశాడు. "తెర చూశా సార్."

నత్త గొంతు పెంచలేదు. గోరువెచ్చని నీళ్ళు పోస్తున్నట్టే మాట్లాడాడు. "పొద్దున నేనా గేటు దగ్గరికి వెళ్ళొచ్చా. లోపలి వైపు మసి చేతుల గుర్తులున్నాయి. పైన మొదలై కిందికి జారాయి. గట్టిగానే బాదినట్టున్నాడు. గేటు తెరుచుకోకపోయేసరికి బోను దగ్గరికి పోదామని వెనక్కి తిరిగాడు. ఆ పల్లంలోకి అప్పటికే విషగాలి చేరింది. తాళం వేసి నువ్వెంత దూరంలో కూర్చున్నావు?"

"సార్."

"టీ తాగుతూ కూర్చున్నావని విన్నా."

పైమేస్త్రీ గుమ్మానికి ఆనుకుని అలాగే చతికిలబడ్డాడు. మొహం మోకాళ్ళలో పెట్టుకుని చెప్పాడు. "చూశాను సార్. గూళ్ళు చూడకుండా ఏనాడూ తాళం వెయ్యలేదు, ఆ రోజూ చూశా. ఒక్కటీ ఖాళీ లేదు. ఒక్క బిళ్ళా వేలాడ్డంలేదు. నా కళ్ళతో చూశా."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పను? సర్దారు లాంపు శవం నెత్తిన వెలుగుతూనే పైకొచ్చింది. అదే లాంపు పొద్దున గూట్లో చూశానంటే పిచ్చాసుపత్రికి పంపుతారు. తెర చూశానని చెప్పు, నీకూ మంచిది మాకూ మంచిదన్నారు మీసాలుగారు. నాకే అనుమానమొస్తోంది సార్, చూశానా, కలగన్నానా అని."

"సర్దారు గూట్లో ఉన్న లాంపు మీద నంబరు చదివావా?"

"నంబర్లు చదవం సార్. ఖాళీలు చూస్తాం. నోట్లో ఊడిన పన్ను ఎక్కడుందో చూసినట్టు."

"అయితే నీ మతి బాగానే ఉంది. ఎవరో కట్టుడు పన్ను పెట్టారు."

నత్త రెండొందల పద్నాలుగో నంబరు గూటి దగ్గరికి నడిచాడు. ఇప్పుడది ఖాళీ. పక్కన మేకుకి సర్దారు బిళ్ళ బుద్ధిగా వేలాడుతోంది. మనిషి ఉండాల్సినప్పుడు లేని బిళ్ళ, మనిషి పోయాక వచ్చి కూర్చుంది. కంప్యూటరుకి మతిపోతే తెర మీద అంకె మారుతుంది. ఇత్తడి బిళ్ళని మేకు మీంచి తీసి, గూట్లో లాంపు పెట్టి, సాయంత్రం మళ్ళీ యథాస్థానంలో సర్దాలంటే రెండు సున్నాలు చాలవు. అయిదు వేళ్ళు కావాలి.

ఆయన వంగి గూటి అడుగు పలక చూశాడు. అన్ని గూళ్ళకీ ఒకే ఆకుపచ్చ రంగు. ఈ గూట్లో మాత్రం అరచెయ్యంత మేర రంగు పొక్కి లేచింది, కింద చెక్క నల్లగా కాలింది. గనిలో ఏ వస్తువు మీదైనా వారం తిరిగేసరికి బొగ్గు దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. ఈ కాలిన చోట అది పల్చగా, పౌడరు అద్దినట్టుంది.

"ఇదేమిటి?"

పైమేస్త్రీ వచ్చి తొంగి చూశాడు. "యాసిడ్ సార్. లాంపు బ్యాటరీ పెట్టె పగిలితే కారుతుంది. కాని సర్దారు లాంపు పగల్లేదే. కొత్తది."

"పగిలినవి ఎక్కడ పెడతారు?"

మూలన అలమర ఉంది. తలుపు తీస్తే పనికిరాని లాంపులు అయిదారు ఉన్నాయి, ఒక్కోదానికి ఎర్రదారం కట్టి. అన్నిటికీ దుమ్ము పట్టింది, ఒక్కదానికి లేదు. దాని పెట్టె మూలన వేలెడు చీలిక. నత్త దాన్ని గుడ్డతో పట్టుకుని బయటికి తీశాడు.

"ఇది పక్కన పడేసి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది. నేనే దారం కట్టా."

"తరవాత చార్జింగు పెట్టారా?"

"పెట్టకూడదు సార్. అందుకే కదా దారం."

నత్త ఫోను దగ్గరికి వెళ్ళి సెక్యూరిటీ ఆఫీసుకి చేశాడు. సున్నాలబ్బాయినీ, టైపు కాయితాన్నీ లాంపు గదికి తీసుకురమ్మన్నాడు. నాలుక్కి ఇంకా టైముంది గాని, నత్త ఓడిపోతుంటే దగ్గరుండి చూసే సరదా మీసాలుకి లేకపోలేదు. వెంటనే వచ్చాడు. మీసాలు ముందు, ఆయన వెనక, ఆయన వెనక సున్నాలబ్బాయి.

"ఏం పట్టుకున్నావు? పురుగునా?" అన్నాడు మీసాలు, కాయితం బల్ల మీద పరిచి, కలం మూత తీసి పక్కన పెడుతూ.

"తమరు ఒకప్పుడు పోలీసు ఉద్యోగం చేశారని విన్నాను. నిజమేనా?"

"పాతికేళ్ళు."

"నమ్మక తప్పదు. నెల రోజులు అన్నం లేకుండా పడున్న మనిషి లేచి పరిగెడితే ఏమంటారు?"

"ఎవరో అన్నం పెట్టారంటాను. అడ్డదిడ్డం మాటలు నా దగ్గర కాదు."

నత్త లాంపు మీట నొక్కాడు. అది వెలిగింది. పట్టపగలే, ఎదురుగోడ మీద తెల్లటి గుండ్రటి మచ్చ పడింది.

సున్నాలబ్బాయి ఆ వెలుగుని చూసి కళ్ళు మూసుకున్నాడు.

"ఆదివారం పొద్దున ఈ పగిలిన లాంపు సర్దారు గూట్లో కూర్చుంది," అన్నాడు నత్త. "పెట్టినవాళ్ళు అలవాటు కొద్దీ చార్జింగు తీగ కూడా తగిలించారు. ఇన్నేళ్ళ నుంచీ గూట్లో లాంపు పెట్టగానే తీగ తగిలించే చెయ్యి, ఆ రోజూ ఆగలేదు. రోజంతా అది యాసిడ్ కార్చుకుంటూ కడుపు నింపుకుంది. పైమేస్త్రీ చూసింది దీన్నే. తాళం వేసింది దీన్ని నమ్మే. ఫ్యాను ఆగింది ఆ తాళాన్ని నమ్మి."

"లాంపు గదిలో ఆ పూట ఎవరు?" అన్నాడు మీసాలు. గొంతులో వెటకారం పోయింది.

పైమేస్త్రీ నోరు పెగుల్చుకున్నాడు. "ఆదివారం కదా సార్. లాంపమ్మ ఒక్కతే."

లాంపమ్మ అంటే సర్దారు పెళ్ళాం. పదేళ్ళుగా ఈ కిటికీలోంచి లాంపులు అందిస్తోంది. ఆ రోజు మొగుడికీ ఆవిడే అందించింది.

సున్నాలబ్బాయి ఒక్క ఉదుటున బల్ల మీదికి వంగి కలం అందుకున్నాడు. "సంతకం పెడుతున్నాను. సార్, చూడండి, పెడుతున్నాను. తప్పు నాది."

నత్త జీవితంలో తొందరపడింది ఆ ఒక్కసారేనంటారు. చేతిలో లాంపుని తీసి కాయితం మీద పెట్టాడు. చీలికలోంచి జారిన చుక్క సంతకం చోట పడి, అక్కడ మొదలై అక్షరాల్ని ఒక్కొక్కటే తినుకుంటూ పోయింది.

"ఆదివారం సాయంత్రం నువ్వు కంప్యూటరు తెరిచి చూశావు," అన్నాడు. "ఏం కనిపించింది?"

సున్నాలబ్బాయి కింద కూర్చుండిపోయాడు. "బావ పైకొచ్చాడని ఈ గదిలోంచి కొట్టి ఉంది. నా ప్రోగ్రాము సరిగ్గానే పనిచేసింది. రెండు సున్నాలొచ్చినా ఒక్క అంకె తప్పలేదు. ఎనిమిది నెలల కష్టం." నవ్వబోయి ఏడ్చాడు. "ఆ మాట చెరిపేసి, దిద్దకముందున్న పాత ప్రోగ్రాము తెచ్చిపెట్టా. పొరపాటంటే ఉద్యోగం మాత్రమే పోతుందనుకున్నా. ఏడేళ్ళని తరవాత చెప్పారు. ఫరవాలేదు, ఉంటాను. అక్కని వదిలెయ్యండి సార్."

"ఎందుకు చేసింది?" మీసాలు అడిగాడు.

దానికి పైమేస్త్రీ చెప్పాడు, ఎవరి మొహమూ చూడకుండా. "శవాన్ని వెతకడానికి దిగినప్పుడు మేం ఆరో గ్యాలరీ మీదుగా వెళ్ళాం. సర్దారు ప్రతి గ్యాలరీకీ వెళ్ళి, గ్యాసు చూసి, గోడ మీద చాక్‌పీసుతో ఆ రోజు తేదీ వెయ్యాలి సార్. తేదీ ఉంటే చూసినట్టు. అక్కడ ఆదివారం తేదీ ఉంది. కింద సోమవారం తేదీ ఉంది. దానికింద మంగళవారం. శనివారం దాకా రాసి పెట్టుకున్నాడు."

ఆరో గ్యాలరీలోనే రెండేళ్ళ కిందట లాంపమ్మ అన్న గ్యాసులో పోయాడు. సర్దారు ఆ పొద్దున చూశాడనడానికి గోడ మీద తేదీ ఉందనీ, గ్యాసు ఆ తరవాత వచ్చిందనీ విచారణ తేల్చింది. ఆ విచారణ సంతకాల్లో మీసాలుది కూడా ఒకటి.

మీసాలు యాసిడ్ తిన్న కాయితాన్ని కొసలతో ఎత్తి కిటికీలోంచి బయట పడేశాడు. మీసం మెలేశాడు. "సరే. లాంపు సంగతి నేను కనిపెట్టాను. నువ్వు పక్కనున్నావు. అభ్యంతరమా?"

"పేరు తమరే ఉంచుకోండి. ఈ అబ్బాయిని వదలండి. నాకు అరగంట కావాలి."

"దేనికి?"

"వాళ్ళమ్మకి చెప్పాలి. తమరి మొహం చూసి తెలుసుకోవడం కంటే నా మొహం చూసి తెలుసుకోవడం కొంత నయం."

"అరగంటే. జీపేసుకుని వస్తా," అన్నాడు మీసాలు.

*

రెండు గదుల ఇల్లు. ముసలావిడ ముందు గదిలో కిటికీ వెలుగుకి కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. మగవాడి చొక్కా, చిన్న కొడుకుది. నత్త గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు గాని, ఒక్కటీ నోట్లో నిలబడలేదు.

"రండి. వాడొస్తున్నాడా?" అంది ఆవిడ తలెత్తకుండా.

"వస్తాడమ్మా. సంతకం పెట్టలేదు. తప్పు అతనిది కాదని రుజువైంది."

ఆవిడ సూది ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "మంచి మాట చెప్పారు. కూర్చోండి."

నత్త కూర్చోలేదు. "ఇంకోటి చెప్పాలి. అతను కాదని తేలింది కనక, ఎవరో కూడా తేలింది. అమ్మా, మీరు కాస్త గుండె దిటవు చేసుకోవాలి."

"లాంపు దొరికిందా?"

నత్తకి తన చెవుల మీద అనుమానమొచ్చింది. ఆవిడ పళ్ళతో దారం కొరికి, గుండీ లాగి చూసుకుంది.

"మీకు తెలుసా?"

"లాంపు గదిలో నేనూ పద్దెనిమిదేళ్ళు చేశాను. నేను మానేశాకే అమ్మాయికి ఇచ్చారు. ఆదివారం సాయంత్రం అది ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే వేళ్ళు కాలి ఉన్నాయి. అవి దేంతో కాలాయో నాకు ఒకరు చెప్పాలా?"

"సర్దారు సంగతి..."

"నెల కిందట ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే కూర్చుని అన్నం తింటున్నాడు. చిన్నాడు కంప్యూటర్లో తేదీలు ముందుకి జరుపుతున్నాడని మాటొచ్చింది. అల్లుడు నవ్వాడు. దానికి అంత చదువు దేనికి, నేను ఇరవై ఏళ్ళుగా చాక్‌పీసుతో జరుపుతున్నాను, ఒక్కపూట దిగితే వారం పని అయిపోతుందన్నాడు. మా పెద్దాడు పోయిన గనిలో. వాడి ఫోటో కింద కూర్చుని. ఇంకో ముద్ద వెయ్యమన్నాడు. అమ్మాయి వేసింది." ఆవిడ చొక్కా మడత పెట్టడం మొదలెట్టింది. "అల్లుడు వెళ్ళాక, విన్నావా అన్నాను. విన్నానమ్మా అంది. తరవాత ఇద్దరం గిన్నెలు తోముకున్నాం. ఇంకో మాట అనుకోలేదు."

వీధి చివర జీపు మలుపు తిరిగిన చప్పుడైంది. మీసాలు అరగంట ఆగలేదు.

నత్త గొంతు తగ్గింది. "తెలిసీ నన్నెందుకు పెట్టారమ్మా? ఆ మాటేదో మీరే చెబితే మొదటి రోజే అబ్బాయిని వదిలేవాళ్ళు."

ముసలావిడ మొదటిసారి తలెత్తి ఆయన్ని తిన్నగా చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"నేను చెబితే కన్నతల్లే కూతుర్ని పట్టించిందంటారు. మీరు చెబితే డిటెక్టివు కనిపెట్టాడంటారు. ముగ్గుర్ని కన్నాను. ఒకణ్ణి ఆ అల్లుడు తినేశాడు. మిగిలినవాళ్ళలో ఒకళ్ళే దక్కుతారంటే ఏం చెయ్యమంటారు, చెప్పండి. ఎవరో ఒకర్ని ఎంచుకోవాలి కదా."

నత్త ఇన్నేళ్ళలో దొంగలకీ, హంతకులకీ పనిముట్టు కాలేదు. ఒక తల్లికి అయ్యాడు.

లోపలి గది తెర కదిలింది. లాంపమ్మ గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకొచ్చింది. కుడిచేతి వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది. ఎంతసేపటి నుంచి తెర వెనక ఉందో మొహం చూస్తే తెలియలేదు. నత్త చేతికి గ్లాసిచ్చి తల్లివైపు తిరిగింది.

జీపు ఇంటి ముందు ఆగింది.

"బట్టలు సర్దుకో తల్లీ," అంది ముసలావిడ. "ఒక దుప్పటి కూడా పెట్టుకో. అక్కడ చలిగా ఉంటుంది."

లాంపమ్మ మడత పెట్టిన చొక్కాకేసి చూసింది.

"తమ్ముడెప్పుడొస్తాడమ్మా?" అని అడిగింది.

"నువ్వు వెళ్ళగానే."